మినాసె మారు కడుపులో చలికాలం

ఆఫ్రికా తీరానికి దగ్గర్లోని దీవి మీద, లాస్ పాల్మాస్‌లో జపాను పిల్లల బడి అంటే పెద్ద భవనమేమీ కాదు. రేవులోకి దిగే కొండవాలులో ఓ అద్దె మేడ. కింద రెండు గదులు, పైన రెండు గదులు, వెనకాల సిమెంటు చేసిన చిన్న పెరడు. పొద్దున్నే వ్యాయామం ఆ పెరట్లోనే, ఏడాదికోసారి ఆటల పోటీలూ ఆ పెరట్లోనే. అన్ని తరగతులకూ కలిపి పిల్లలు పదముగ్గురు. చేపల కంపెనీల్లో గుమాస్తాలు, ఓడలకు సరుకు అందించే ఏజెంట్లు, ఇంజన్లు బాగుచేసే మెకానిక్కులు, వీళ్ళ పిల్లలన్నమాట. అట్లాంటిక్ అంతా తిరిగి ట్యూనా చేపలు పట్టే జపాను ఓడలు చివరికి ఈ రేవుకే వస్తాయి. ఓడలు వస్తాయి కాబట్టి ఆ తండ్రులు ఇక్కడున్నారు. తండ్రులున్నారు కాబట్టి బడి ఉంది.

సానయె ఉరాబె ఆ బడికి జపాను నుంచి మూడేళ్ళ కోసం వచ్చిన టీచరు. ముప్పై నాలుగేళ్ళ మనిషి. పుట్టింది, పెరిగింది, పన్నెండేళ్ళు పాఠాలు చెప్పింది అంతా ఈయామా అనే కొండల ఊళ్ళో. ఏప్రిల్‌లో ఇక్కడికి వచ్చిన మొదటి రోజే తన బల్లను కిటికీకి వీపు పెట్టేలా తిప్పుకుంది. వెలుతురు కళ్ళలో పడుతోందని చెప్పింది కానీ అసలు సంగతి అది కాదు. కిటికీ నిండా సముద్రం. కొండల మధ్య పెరిగిన మనిషికి చూపు ఆనడానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి. ఇక్కడ చూపు వెళ్ళీ వెళ్ళీ ఎక్కడా ఆగేది కాదు. కాసేపు అలా చూస్తే ఆవిడ బల్ల అంచు పట్టుకునేది.

జనవరి వచ్చింది. పిల్లలు పొట్టి చేతుల చొక్కాలతోనే బడికి వస్తున్నారు. మేడ గోడ మీద పాకిన తీగకు పూలు విరగబూసి ఉన్నాయి. మూడో తరగతికీ నాలుగో తరగతికీ ఒకే గది కాబట్టి, భాషా పాఠం రెండిటికీ కలిపే చెప్పేది సానయె. ఆ వారం పాఠం పేరు 'మంచు కురిసిన పొద్దు'.

"కిరికో, నువ్వు చదువు" అంది.

కిరికో తాతెయిషి నాలుగో తరగతి. ఓడల ఏజెంటు తాతెయిషి గారమ్మాయి. పుట్టింది ఈ ఊళ్ళోనే. జపాను ఒక్కసారి కూడా చూడలేదు. లేచి నిలబడి, పుస్తకం రెండు చేతులతో పట్టుకుని చదివింది.

"రాత్రంతా కురిసింది. పొద్దున లేచేసరికి ఊళ్ళో చప్పుళ్ళన్నీ ఎవరో మూటకట్టి తీసుకుపోయినట్టుంది. నా అడుగులు నాకే వినపడ్డాయి. నా ఊపిరి నాకంటే ముందు నడిచింది."

ఒక్క అక్షరం తడబడలేదు. అయినా రేడియోలో బజారు ధరలు చెప్పేవాళ్ళ గొంతులా ఉంది ఆ గొంతు. ముందు బల్ల మీది తెప్పెయ్ చెయ్యెత్తాడు. వాడు మూడో తరగతి, మెకానిక్కు కొడుకు.

"ఊపిరి ముందు నడవడమేమిటి టీచర్?"

"చలికి నోట్లోంచి వచ్చే ఊపిరి తెల్లగా కనపడుతుంది. పొగలాగా."

"సిగరెట్టు తాగకుండానేనా?"

"తాగకుండానే."

"మా నాన్నకైతే తాగితేనే వస్తుంది."

గది గొల్లుమంది. సానయె కూడా నవ్వింది. నవ్వి, పుస్తకం మూసి, తన ఊరి సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఆకాశం బూడిద రంగుకు తిరగడం, మొదటి మంచు రేకు వచ్చి అరచేతి మీద వాలి మాయమైపోవడం, రాత్రి పక్కలో పడుకుని ఉంటే బయట లోకం మెల్లగా మూగబోవడం. ఈ పాటికి అక్కడ కురుస్తూ ఉంటుంది.

కిరికో అంతా శ్రద్ధగా వింది. "టీచర్, ఒక మాట అడగొచ్చా?"

"అడుగు."

"ఇది కథా, నిజమా?"

"నిజమే. మా ఇంట్లో చలికాలం కింది తలుపు తెరుచుకోదు. మంచు అంత ఎత్తు పేరుకుంటుంది. మేడ మీద కిటికీలోంచి బయటికి దిగి బడికి వెళ్ళేవాళ్ళం."

కిరికో పక్కనున్న పిల్ల వైపు చూసి, మళ్ళీ టీచరు వైపు తిరిగింది. ఆ పిల్ల ముఖంలో ఎగతాళి లేదు. పెద్దవాళ్ళను నొప్పించకూడదని అనుకునే పిల్లల మర్యాద ఉంది.

"పోనీలెండి టీచర్. మా అమ్మ కూడా అంతే. జపానులో పీచ్ పండు తలకాయంత ఉంటుందంటుంది. దూరంగా ఉన్నవి తలుచుకునేకొద్దీ పెద్దవైపోతాయేమో."

ఆ మాట సానయెకు బాగా గుచ్చుకుంది. మర్నాడు దూది తెచ్చి చూపించింది. ఆ మర్నాడు ఇంట్లో ఫ్రిజ్జులోంచి మంచు గడ్డలు గిన్నెలో వేసుకుని తెచ్చింది. "ఇవి మా ఇంట్లోనూ ఉన్నాయి టీచర్, నిమ్మరసంలో వేసుకుంటాం" అన్నాడు తెప్పెయ్. పాఠం అయ్యేసరికి గిన్నెలో నీళ్ళు మిగిలాయి.

ఆ సాయంత్రం ఉపాధ్యాయుల గదిలో కామాతా గారు టీ కాచి ఆవిడకో కప్పు ఇచ్చారు. ఆయనే బడికి ప్రిన్సిపాలు. ఒకప్పుడు వ్యాయామం మాస్టారు. ఇప్పుడు పొట్ట పెరిగింది కానీ నడకలో ఆ ఊపు పోలేదు.

"ఏమిటి ఉరాబె గారూ, ముఖం అలా పెట్టారు?"

"ఈ పిల్లలకు నేనేం చెబుతున్నానో నాకే తెలియడం లేదండీ. మంచు తెలియదు, ఆకులు రాలడం తెలియదు. తెలియనివాటిని బట్టీ పట్టిస్తున్నాను. రేపు వీళ్ళు జపాను వెళితే, ఏ పల్లెటూరి బళ్ళోంచి వచ్చారర్రా అంటారు."

"అంటే అననివ్వండి. ముందు మీరిటు తిరగండి."

"ఎటు?"

"కిటికీ వైపు. మూడు కాలాలు గడిచిపోయాయి, ఎప్పుడూ దానికి వీపు పెట్టే కూర్చుంటారు. ఒక్కసారి తిరగండి, పడిపోరు. నేను పట్టుకుంటాను."

ఆవిడ ఇష్టం లేకుండానే తిరిగింది. రేవు నోట్లోకి ఓ ఓడ నెమ్మదిగా వస్తోంది. ఒకప్పుడు తెల్లది. ఇప్పుడు దాని ఒళ్ళంతా తుప్పు చారలు.

"దాని పేరు మినాసె మారు" అన్నారు కామాతా గారు. "ఏడాదిగా నీళ్ళ మీదే ఉంది. దాని కడుపులో ఏముంది?"

"చేపలు."

"చేపలు సరే. చేపలు దేంట్లో ఉన్నాయి?"

సానయె ఆయన వైపు చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆవిడ చేతిలో కప్పు కిందికి దిగింది.

"చలిలో" అంది.

"మీ ఈయామా వాళ్ళు కూడా ఎరగనంత చలి. పట్టిన చేప పట్టినట్టు రాయైపోవాలి కదా మరి. తాతెయిషి గారితో నేను మాట్లాడతాను. మీరు పిల్లలకు మేజోళ్ళు తెచ్చుకోమని చెప్పండి."

శనివారం పొద్దున పదముగ్గురూ పసుపు టోపీలు పెట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రేవు గట్టు మీద వరసగా నడిచారు. దగ్గరికి వచ్చేసరికి ఓడ గోడ ఇంత ఎత్తున లేచింది. దాని మీద ఉప్పు తెల్లగా పొలుసులు కట్టి ఉంది. పైన కమ్మీలు పట్టుకుని మనుషులు నిలబడ్డారు. గడ్డాలు, ఎండకు మాడిన ముఖాలు. ఎవరూ చెయ్యి ఊపలేదు, పలకరించలేదు. పసుపు టోపీల వైపు అలా చూస్తూనే ఉన్నారు.

నిచ్చెన మెట్ల పైన ఓ మనిషి చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. పొట్టివాడు, గుబురు గడ్డం, భుజాలు మాత్రం తలుపంత వెడల్పు. పేరు ఒనొదెరా. చేపలు నిలవచేసే శీతల గది అతని అధీనంలోది. ఉత్తరాది రేవు ఊరు కెసెన్నుమా వాడు. ముప్పై ఏళ్ళు సముద్రం మీద తిరిగినా ఆ ఊరి యాస పోలేదు.

"మొగపిల్లల్ని రమ్మనండి" అన్నాడు. "ఆడగుంటలు గట్టు మీదే ఉండాల. పంతులమ్మగోరూ, మీరు కూడా."

సానయె మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగింది. "ఎందుకండీ?"

"ఓడకి అమ్మోరుంటాది. మాస్టు స్తంబం మొదట్లో పెట్టి పూజ సేసినారు మా పెద్దోళ్ళు. ఆడకూతురు ఓడెక్కితే అమ్మోరు ఓర్చుకోదు. ఆ మీదట గాలే తిరగబడతాదో, వలతాళ్ళే తెగుతాయో. నా ఎరుకలో ఎవుర్నీ ఎక్కనివ్వనేదు."

కామాతా గారు గొంతు సవరించుకున్నారు. తాతెయిషి గారు తల గోక్కున్నారు. ఏడుగురు ఆడపిల్లలు ఎండలో టోపీల కింద నుంచి పైకి చూస్తున్నారు. అప్పుడు కిరికో రెండు మెట్లు ఎక్కింది.

"మావయ్యా, అమ్మవారు ఆడదే కదా?"

"అవును."

"ఏడాది నుంచి ఇంతమంది మగవాళ్ళ మధ్య ఒక్కతే ఉందా?"

"ఉంది. అయితే ఏటి?"

"తనకు తోచొద్దూ?"

కమ్మీల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో దగ్గుతూ కప్పిపుచ్చుకున్నారు. ఒనొదెరా చెవులు ఎర్రబడ్డాయి. "ఏటే గుంటా, నాకే పాఠం సెప్తన్నావేటి?"

వెనకాల నుంచి కెప్టెన్ నుకాగా వచ్చాడు. సన్నటి మనిషి, తల నెరిసింది, మెల్లగా మాట్లాడతాడు. "ఒనొదెరా, ఒక్క ఆడమనిషి ఎక్కితే పోటీకొచ్చింది అనుకుంటుంది. ఇంతమంది ఎక్కితే చుట్టాలొచ్చారనుకుంటుంది కదయ్యా."

కెప్టెన్ నవ్వులాటకే అన్నాడు. ఒనొదెరా మాత్రం నవ్వలేదు. కాసేపు ఆలోచించాడు. తర్వాత లోపలికి వెళ్ళి, సాకె అనే బియ్యపు సారా సీసా తెచ్చి, మాస్టు దగ్గరికి నడిచాడు. మొదట్లో కాస్త పోశాడు. రెండు చేతులూ చరిచి, తల వంచి, గొంతులోనే ఏదో చెప్పుకున్నాడు. చెప్పడం అయిపోయాక కూడా కదలకుండా నిలబడ్డాడు.

ఓడ మీది మనుషులంతా టోపీలు తీశారు. కెప్టెనూ తీశాడు. నవ్వినవాళ్ళు కూడా నేల చూపులు చూస్తున్నారు. గట్టు మీద పిల్లలు గుసగుసలు మానేశారు. తాళ్ళు కిర్రుమనడం, ఓడ పక్కల నీళ్ళు తట్టుకోవడం, అంతే వినపడుతోంది. తుఫానుల్లో తిరిగి వచ్చిన ఇంతమంది మొగవాళ్ళు, పిల్లల కోసం అమ్మవారి మాట వినడానికి ఇలా ఊపిరి బిగబట్టి నిలబడటం సానయె ఎప్పుడూ చూడలేదు. ఆవిడ కూడా తెలియకుండానే తల వంచింది.

ఒనొదెరా వెనక్కి వచ్చాడు.

"సరే అందా మావయ్యా?" తెప్పెయ్ అడిగాడు.

"వొద్దని మాత్రం అన్నేదు. రండి. కమ్మీలట్టుకుని ఎక్కండి, జారతాది."

శీతల గదిలోకి ఒకేసారి ఇద్దరు పిల్లలే వెళ్ళాలని అతను ముందే చెప్పేశాడు. తొలి జంట కిరికో, తెప్పెయ్. తోడు సానయె. నావికులు తమ దళసరి కోట్లు తెచ్చి పిల్లలకు తొడిగారు. చేతులు మడిచి, నడుముకు తాళ్ళు కట్టి, చెవులు కప్పి, ముఖానికి గుడ్డ చుట్టారు. పాపం ఆ మొరటు వేళ్ళకు చిన్న బొత్తాలు చిక్కడం లేదు. కిరికోకు బొత్తాలు పెడుతున్న ఓ గడ్డపు నావికుడు పిల్ల మెడకు వేలు తగిలినప్పుడల్లా "నొప్పెట్టిందా?" అని అడుగుతున్నాడు. ముస్తాబు పూర్తయ్యేసరికి ఇద్దరూ ఎలుగుబంటి పిల్లల్లా తయారయ్యారు.

"ఇనండి" అన్నాడు ఒనొదెరా. "ఊపిరి మెల్లగా తియ్యాల. ఇనుం ముట్టుకోకూడదు. మంచు నోట్లో ఎయ్యకూడదు. నాను పదమంటే మారుమాట నేకుండా పదాల. తెలిసిందా?"

ఇద్దరూ తలలూపారు. అతను ఇనుప గడియ తిప్పి, మూరెడు మందం ఉన్న తలుపు భుజంతో నెట్టాడు. తెల్లటి ఆవిరి నేల మీద పొర్లుతూ వచ్చి వాళ్ళ కాళ్ళను చుట్టేసింది. తెప్పెయ్ సానయె కోటు పట్టుకున్నాడు. లోపలికి వెళ్ళారు. వెనకాల తలుపు మూసుకుంది.

ఇంజను మోత ఆగిపోయింది. రేవులో క్రేన్ల గోల, సముద్రపు పక్షుల అరుపులు, పైన నావికుల మాటలు, అన్నీ ఒక్కసారిగా లేకుండా పోయాయి. జాలీ వేసిన ఒకే ఒక దీపం కింద, పొడవాటి గది నిండా ట్యూనా చేపలు అడవిలో కొట్టి పేర్చిన దుంగల్లా వరస మీద వరస. ఒక్కొక్కటీ పెద్ద మనిషి కంటే పెద్దది. వాటి నలుపు, వెండి రంగు ఏవీ కనపడటం లేదు. అన్నిటి మీదా తెల్లటి మంచు నూగు. గోడల వెంట పారిన గొట్టాల మీద చెయ్యి మందాన తెల్లటి నూగు. కప్పు మీద, నేల మీద, ఎక్కడ చూసినా అదే తెలుపు. ఆ చేపల కళ్ళు కూడా తెల్లగా, దేన్నో శాశ్వతంగా చూస్తున్నట్టున్నాయి.

సానయె ఒక అడుగు వేసింది. కాలి కింద 'కిర్రు' మంది.

ఆవిడ అక్కడే ఆగిపోయింది. ఆ చప్పుడు ఆవిడకు పుట్టుకతో తెలుసు. అమ్మ చెయ్యి పట్టుకుని నడిచిన చప్పుడు అది. చలికాలం బడికి వెళ్ళేటప్పుడు, తండ్రిని సాగనంపిన రోజున, ప్రతి ఏడూ విన్న చప్పుడు. ఈ ఎండల దీవిలో, ఈ తుప్పు ఓడ అడుగున, అది తన కోసం కాచుకుని ఉంటుందని ఎవరనుకుంటారు?

"టీచర్." కిరికో గొంతు గుసగుసలా వచ్చింది. ముఖం మీది గుడ్డ జారింది. ఆ పిల్ల చేతి తొడుగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, కళ్ళు పెద్దవయ్యాయి. "టీచర్, నాలోంచి ఏదో పోతోంది."

"అది నీ ఊపిరే కిరికో. పుట్టినప్పటి నుంచి వస్తూ పోతూనే ఉంది. ఇవాళ కనపడింది, అంతే."

పిల్ల నెమ్మదిగా చెయ్యి దించింది. ఊపిరి వదిలింది. తెల్లగా, గుండ్రంగా అది ముందుకు వెళ్ళి, దీపం వెలుగులో కాసేపు నిలబడి, కరిగిపోయింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ వెళ్ళింది. ఆ పిల్ల దాని వెనకాలే ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. అడుగుల చప్పుడు విని ఆగి తన కాళ్ళ వైపు చూసుకుంది. పాఠం చెప్పవలసిన అవసరం సానయెకు ఏమీ కనపడలేదు.

"నేను మా నాన్ననైపోయా" అన్నాడు తెప్పెయ్, రెండు వేళ్ళు పెదవుల దగ్గర పెట్టుకుని. అన్నాడే కానీ వాడి గొంతు కూడా గుడిలో మాట్లాడినట్టుంది.

"పైకి సూడండి" అన్నాడు ఒనొదెరా.

చెక్క గరిటె లాంటిది తీసుకుని అతను కప్పు కింది గొట్టాన్ని మెల్లగా తట్టాడు. మరోసారి తట్టాడు. గొట్టం మీది నూగు విడిపోయి, పొడై, దీపం ముందు నుంచి రాలడం మొదలుపెట్టింది. తొందరేమీ లేకుండా, చప్పుడేమీ లేకుండా, తిరుగుతూ, మెరుస్తూ కిందికి వచ్చింది. చేపల మీద పడింది, ఒనొదెరా భుజాల మీద పడింది, పిల్లల టోపీల మీద పడింది. కిరికో మొహం పైకెత్తి నిలబడింది. ఒక రేకు వచ్చి కనురెప్ప మీద వాలింది. ఆ పిల్ల రెప్ప వెయ్యలేదు.

మంచు అంటే తన కొండలదే అనుకుంది సానయె ఇన్నాళ్ళూ. ఈ మనుషులు దాన్ని ఓ గదిలో పెట్టుకుని, ఎండలు మండే సముద్రాల మీదుగా, ఆఫ్రికా తీరం పొడుగునా, ఏడాది పాటు కాపలా కాసి తిరిగారు. పైన చెమటలు కారుతుంటే కింద దీన్ని కరగనివ్వలేదు. తాను తొమ్మిది నెలలుగా వీపు పెట్టి కూర్చున్న ఆ నీళ్ళ మీద, రాత్రీ పగలూ ఇలాంటి చలికాలాలు ఎన్ని తిరుగుతున్నాయో. ఆవిడ కళ్ళు నిండాయి. రెప్పల కొసన నీళ్ళు గడ్డకట్టి గరుకుగా అయిపోయాయి.

"ఏడవకండి పంతులమ్మగోరూ" అన్నాడు ఒనొదెరా కంగారుగా. "ఇక్కడ ఏడిస్తే రెప్పలతుక్కుపోతాయి. పదండి, ఇంక పదండి."

బయటికి రాగానే ఎండ కొట్టినట్టు తగిలింది. కోట్ల మీది తెలుపు చూస్తూ ఉండగానే నీళ్ళై కారింది. తర్వాతి జంట అడిగింది, "ఎలా ఉందే, ఎలా ఉందే?" కిరికో కనురెప్ప మీది తడి తుడుచుకుంది. "వెళ్ళి చూడండి" అంది చివరికి.

ఒక్కో జంటా వాగుతూ లోపలికి వెళ్ళింది, మాట లేకుండా బయటికి వచ్చింది. ఒకటో తరగతి కవలలిద్దరూ చేతులు వదలకుండా వచ్చి, ఓడ మీద ఎండలో కూర్చుని, వెచ్చటి గాలిలోకి హా, హా అని ఊపిరి వదిలి చూసుకుంటూ ఉండిపోయారు. అది మళ్ళీ కనపడలేదు.

మధ్యాహ్నం అందరూ ఓడ మీదే తిన్నారు. తల్లులు కట్టిచ్చిన అన్నం ముద్దలు, ఓడ వంటవాడు వేడివేడిగా పోసిన మిసో చారు. నావికులు కాస్త దూరంగా గుండ్రంగా కూర్చున్నారు. పిల్లలు నములుతుంటే వాళ్ళు తినడం మానేసి చూస్తున్నారు. ఒనొదెరా తన గిన్నె పట్టుకుని వచ్చి కిరికో పక్కన చతికిలబడ్డాడు.

"ఏ క్లాసే నువ్వు?"

"నాలుగు."

"మా గుంటదీ నాలుగే." అతను చారులోకి చూస్తూ అన్నాడు. "నాను ఇంటికెళ్తే, పక్కింటాయనొచ్చాడని వాళ్ళమ్మని కేకేస్తాది. ఏం మాటాడాలో నాకూ తెలీదు. మీ అయ్య నీతో ఏం మాటాడతాడు?"

కిరికో ఆలోచించింది. "మా నాన్న కూడా ఎక్కువ మాట్లాడడు. అన్నం తిన్నావా, బళ్ళో ఏం చెప్పారు, అంతే."

"అంతేనా?"

"అంతే. కానీ చెప్పేదాకా వింటాడు."

ఒనొదెరా తల ఊపాడు. చారు ఓ గుక్క తాగి అడిగాడు. "అయితే బళ్ళో ఏం సెప్పారు?"

"మంచు పాఠం."

అతను సానయె వైపు తిరిగాడు. "మా గుంటకీ ఇదేనా అండీ?"

"పుస్తకం ఇదే అయితే ఈ నెలలో ఇదే పాఠం అయ్యుంటుంది" అంది సానయె.

"ఓసారి సదువుతావేటి?" అతను అడిగింది కిరికోనే, కానీ గొంతు అడుక్కున్నట్టు వచ్చింది.

కిరికో చేతులు తుడుచుకుని లేచింది. పుస్తకం తెచ్చుకోలేదు, అవసరమూ పడలేదు. రెండు చేతులూ పక్కలకు ఆనించి నిలబడింది.

"రాత్రంతా కురిసింది" అంది. ఆగింది. ఆ ఆగడంలో ఏదో ఉంది. అటూ ఇటూ మాట్లాడుకుంటున్న నావికులు తలలు తిప్పారు. "పొద్దున లేచేసరికి ఊళ్ళో చప్పుళ్ళన్నీ ఎవరో మూటకట్టి తీసుకుపోయినట్టుంది." మళ్ళీ ఆగింది, లోపలి నిశ్శబ్దాన్ని ఇంకా చెవుల్లో పెట్టుకుని ఉన్నదానిలా. "నా అడుగులు నాకే వినపడ్డాయి. నా ఊపిరి నాకంటే ముందు నడిచింది."

పాఠం చివరిదాకా ఎవరూ కదల్లేదు. వంటవాడు గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. కెప్టెన్ నుకాగా రేవు అవతల ఎక్కడికో చూస్తున్నాడు. నావికుల్లో చాలామంది ఉత్తరాది వాళ్ళే. వాళ్ళ ఊళ్ళలో ఇప్పుడు కురుస్తూ ఉంటుంది, వాళ్ళ పిల్లలు ఇదే పాఠం ఇలాగే చదువుతూ ఉంటారు. ఒనొదెరా గిన్నె నేల మీద పెట్టేసి, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఆనించుకుని, ముప్పై ఏళ్ళ కిందట బళ్ళో కూర్చున్నట్టు వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. పాఠం అయిపోయాక అన్నాడు.

"మా గుంటకి సెప్తాను. నువ్వు సదివినావని సెప్తాను. మాటాడ్డానికి ఒకటి దొరికింది."

పన్నెండేళ్ళు పాఠాలు చెప్పిన సానయె ఆ రోజు మొదటిసారి అనుకుంది, ఈ వృత్తి ఎంత పెద్దదో తనకు ఇంకా పూర్తిగా తెలియదని. అద్దె మేడలో ఓ గది, అందులో నలుగురు పిల్లలు. అక్కడ నేర్చిన నాలుగు వాక్యాలు ఓడ మీది మొగవాళ్ళ తలలు ఇలా వంచగలవని ఎవరైనా చెబితే, దూరంగా ఉన్నదాన్ని పెద్దది చేసి చెబుతున్నారని తానే అనుకునేది.

మినాసె మారు మరుసటి వారంలో బయలుదేరింది. ముందురోజు సాయంత్రం తాతెయిషి గారు బడికి వచ్చి ఒనొదెరా పంపిన కబురు చెప్పారు. సాగనంపడానికి పిల్లలంతా రావాలట, ఆడపిల్లలు మరీ మరీ రావాలట.

"చుట్టాలు రాకపోతే అమ్మవారు నొచ్చుకుంటుందట" అన్నారు తాతెయిషి గారు నవ్వాపుకుంటూ. "నాతో మూడుసార్లు చెప్పించుకున్నాడు."

పొద్దున్నే పదముగ్గురూ గట్టు మీద నిలబడ్డారు. ఓడ మీంచి నావికులు రంగు కాగితం చుట్టలు విసిరారు. ఎర్రవి, పచ్చవి, నీలంవి గాలిలో విప్పుకుంటూ వచ్చాయి. ఒక కొస నావికుడి చేతిలో, ఒక కొస పిల్లవాడి చేతిలో. కిరికో పట్టుకున్న పసుపు కాగితానికి అవతల కొసన ఒనొదెరా ఉన్నాడు. ఈసారి గడ్డం గీసుకున్నాడు, అందుకని మొదట ఎవరూ గుర్తుపట్టలేదు.

"అన్నం తిన్నావా?" అని అరిచాడు అక్కణ్ణించి.

"తిన్నాను మావయ్యా. నువ్వు తిన్నావా?"

"తిన్నాను."

ఓడ కదిలింది. కాగితాలు బిగిసి, సాగి, ఒక్కొక్కటీ తెగి నీళ్ళ మీద పడ్డాయి. ఓడ కూత పెట్టింది. ఆ కూత కొండకు తగిలి తిరిగి వచ్చి పిల్లల గుండెల్లో మోగింది. ఒకటో తరగతి కవలలు చెవులు మూసుకోవడానికి బదులు చేతులు గుండె మీద పెట్టుకున్నారు.

ఓడ చిన్నదైంది. తెల్లటి చుక్కైంది. ఎవరూ కదల్లేదు.

"టీచర్" అన్నాడు తెప్పెయ్. "ఇప్పుడు కూడా దాని లోపల చలిగానే ఉందా?"

"ఉంది."

"మనం చూడకపోయినా?"

"చూడకపోయినా."

చుక్క వెలుతురులో కలిసిపోయింది. బడి మొదలయ్యే వేళ ఎప్పుడో దాటింది. పిల్లల్ని కేకేసి తీసుకెళ్ళాల్సిన కామాతా గారు వాళ్ళందరికీ వెనకాల, టోపీ చేతిలో పట్టుకుని, ఇంకా సముద్రం వైపే చూస్తున్నారు.